నూనె మానేసినా దిగని ట్రైగ్లిజరైడ్లు: ఒక రొయ్యల రైతు కేసు

హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరును చెప్పే పరీక్ష) 9.4 ఉన్న మనిషికి షుగరు మందు ఒకటి ఆపేశాం. ఆ తర్వాతే ఆయన షుగరు దిగడం మొదలైంది, దాంతోపాటు ఏళ్ల తరబడి మొండికేసిన ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, కూడా దిగాయి. వినడానికి తలకిందులుగా ఉన్నా, మన తీరప్రాంతంలో రాత్రిళ్లు పనిచేసే చాలామందికి ఈ కేసు పనికొస్తుందని అన్ని అడుగులూ వివరంగా రాస్తున్నాను. పేషంటు అనుమతి ఉంది. ఆయన ఫలానా అని తెలిసేలా ఉన్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

వయసు నలభైల్లో. నెల్లూరు జిల్లా తీరంలో చెరువులు కౌలుకు తీసుకుని వెనామీ రొయ్యలు పెంచుతారు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు, అంటే బీఎంఐ 24. కాళ్లూ చేతులూ సన్నం. వదులు చొక్కాలో ఆయన్ని చూసి లావు అని ఎవరూ అనరు. టేపు పెట్టి కొలిస్తే నడుము మాత్రం 96 సెంటీమీటర్లు వచ్చింది. మన మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్త పడాలి. తండ్రి 52 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. ఈయనకు షుగరు బయటపడి నాలుగేళ్లయింది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రోజుకు రెండుసార్లు వేసుకుంటున్నారు. కొలెస్ట్రాల్‌కు ఇచ్చిన అటోర్వాస్టాటిన్ మాత్రం "దానివల్ల షుగరు పెరుగుతుందంట" అని ఎవరో చెబితే సొంతంగా ఆపేశారు.

వచ్చిన సమస్య

ఆయన వచ్చింది నీరసం గురించి. కానీ జేబులోంచి తీసిన రిపోర్టే ఎక్కువ టెన్షన్ పెట్టింది. టోటల్ కొలెస్ట్రాల్ 248, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 31, ట్రైగ్లిజరైడ్లు 612. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 94.6 అని అచ్చయి ఉంది. దాని పక్కన ఎవరో పెన్నుతో టిక్కు పెట్టారు. "చెడు కొలెస్ట్రాల్ బాగానే ఉందన్నారు సార్. నూనె చుక్క ముట్టడం లేదు, నెయ్యి మానేసి రెండేళ్లయింది, గుడ్డు లేదు, మా చెరువు రొయ్యలు కూడా నేను తినను. అయినా ఈ ట్రైగ్లిజరైడ్లు ఇట్టానే వస్తా ఉండాయి" అన్నారు.

ముందు ఆ టిక్కు సంగతి. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు, లెక్క కడతాయి. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ బృందం ఇచ్చిన సూత్రం అది. టోటల్ కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతు తీసేస్తారు. ఇక్కడ 248లోంచి 31, మళ్లీ 122.4 తీసేస్తే మిగిలింది 94.6. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క చెల్లదని ఆ సూత్రం ఇచ్చినవాళ్లే చెప్పారు. 612 దగ్గర లెక్క కట్టిన ఎల్‌డీఎల్‌కు అర్థమే లేదు. అలాంటప్పుడు చూడాల్సింది నాన్ హెచ్‌డీఎల్, అంటే టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయగా మిగిలేది. ఈయనకు అది 217. షుగరు ఉండి, తండ్రి చిన్న వయసులోనే గుండెపోటుతో పోయిన మనిషికి ఇది ఏ కోణంలో చూసినా బాగున్న సంఖ్య కాదు.

ఆయన రక్తం ఇచ్చింది రాత్రంతా చెరువు మీద ఉండి వచ్చాక, పొద్దున పదకొండింటికి. మధ్యలో చక్కెర వేసిన టీలు తాగారు. ట్రైగ్లిజరైడ్లు తిండిని బట్టి బాగా మారతాయి కాబట్టి ఆ సంఖ్య మీద ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ఒక రాత్రి ఇంట్లో పడుకుని, పరగడుపున మళ్లీ ఇమ్మన్నాను. ఈసారి టోటల్ 240, హెచ్‌డీఎల్ 31, ట్రైగ్లిజరైడ్లు 548. నేరుగా కొలిపించిన ఎల్‌డీఎల్ 131. కొంత తగ్గినా సమస్య నిజమేనని తేలింది.

ఇంకేవైనా కారణాలున్నాయా అని వెతికాం. థైరాయిడ్ మామూలుగా ఉంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9, మూత్రంలో ప్రొటీన్ లేదు. హిమోగ్లోబిన్ 13.8 కాబట్టి హెచ్‌బీఏ1సీ 9.4ను నమ్మొచ్చు. రక్తం తక్కువగా ఉన్నవాళ్లలో ఆ సంఖ్య మోసం చేస్తుంది. మోకాళ్ల నొప్పులకని నాటు పొడులు, స్టిరాయిడ్ ఇంజెక్షన్లు ఏమైనా తీసుకున్నారా అని గుచ్చి గుచ్చి అడిగాను, లేదన్నారు. తాగుడు సంగతి భార్య బయట కూర్చున్నప్పుడు అడిగాను. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే) రోజుల్లో మాత్రం గట్టిగానే తాగుతారట. ట్రైగ్లిజరైడ్లు 500 దాటిన మనిషికి అదీ ప్రమాదమే. ఇంకా పెరిగితే క్లోమం వాచే అవకాశం ఉంది. ఆ మాట దాచకుండా చెప్పాను.

ఇది అసలు టైప్ 2 షుగరేనా? సన్నగా ఉన్న మనిషి, మందులకు లొంగని షుగరు. దక్షిణాదిలో క్లోమంలో రాళ్లు పడి వచ్చే షుగరు కూడా ఉంది. అందుకే ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సీ పెప్టైడ్ పరీక్ష చేయించాం, కడుపు స్కానింగ్ తీయించాం. సీ పెప్టైడ్ ఎక్కువగా ఉంది. అంటే ఇన్సులిన్ లేక కాదు, ఉన్నది పనిచేయక వచ్చిన షుగరు. క్లోమం శుభ్రంగా ఉంది, లివర్‌లో కొవ్వు రెండో గ్రేడు. లివర్ దెబ్బను చూపే ఎస్‌జీపీటీ 78.

ఇక్కడే నా ఆలోచన ఒక కొలిక్కి వచ్చింది. ఆయన ఫైలులో షుగరు ఒక జబ్బు, కొలెస్ట్రాల్ ఇంకో జబ్బు, లివర్ మరొకటిగా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో మాత్ర, ఒక్కో పత్యం. నిజానికి అవన్నీ ఒకే చోట పుట్టినవి. 1988లో జెరాల్డ్ రీవెన్ అమెరికాలో ఇచ్చిన ఉపన్యాసంలో ఎక్కువ ఇన్సులిన్, ఎక్కువ ట్రైగ్లిజరైడ్లు, తక్కువ హెచ్‌డీఎల్, బీపీ ఒకే గుంపుగా వస్తాయని, వాటి వెనక ఇన్సులిన్ పనిచేయకపోవడం ఉందని చెప్పారు. తర్వాత బ్రిటన్‌లో రాయ్ టేలర్ ఆ గుట్టును లివర్ దగ్గర విప్పారు. అవసరానికి మించి వచ్చే పిండిపదార్థాన్ని లివర్ కొవ్వుగా మారుస్తుంది. కొంత తనలోనే దాచుకుంటుంది, కొంత ట్రైగ్లిజరైడ్లుగా రక్తంలోకి వదులుతుంది. కొవ్వు పట్టిన లివర్ ఇన్సులిన్ మాట వినదు, రాత్రంతా రక్తంలోకి గ్లూకోజు పంపుతూనే ఉంటుంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువైతే హెచ్‌డీఎల్ పడిపోతుంది. ఈయన రిపోర్టులో 548, 31, 78, 9.4 ఒకే కథలోని నాలుగు ముక్కలు.

సన్నటి మనిషికి ఇదేంటి అనే అనుమానం రావచ్చు. 2004లో పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యడ్‌కిన్ కలిసి తీయించుకున్న ఫొటో వైద్య పత్రికలో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన ఒళ్లు ఎలాంటివో ఆ ఒక్క ఫొటో చెబుతుంది. మన దగ్గర తూకం మిషను కంటే టేపు ఎక్కువ నిజం చెబుతుంది.

చేసి చూసినవి, పనిచేయనివి

ఆయన అప్పటిదాకా నూనె మానేశారు కదా, ఆ లోటు దేనితో నిండింది? అన్నంతో. చేపలు, గుడ్లు, రొయ్యలు పోయాక పళ్లెంలో మిగిలింది రసం అన్నం, మజ్జిగ అన్నం. సాయంత్రం పుల్కాలు, పొద్దున బెల్లం వేసిన రాగి జావ. నూనె తగ్గించడం తప్పని నేననను. ట్రైగ్లిజరైడ్లు వెయ్యి దాటినవాళ్లకు కొవ్వు గట్టిగా తగ్గించాల్సిందే. కానీ ఈయనకు లివర్‌లో కొవ్వును తయారు చేస్తున్నది అన్నం, చక్కెరే.

మేం మొదట అన్నం బదులు కొర్రలు పెట్టించాం. నెల్లూరు, ప్రకాశం మెట్ట ఊళ్లలో ఒకప్పుడు ఇంటింటా తిన్న తిండే కదా, అలవాటు అవుతుందనుకున్నాం. అలవాటైతే అయింది గానీ లాభం లేకపోయింది. తెల్లన్నం తిన్న రెండు గంటలకు 251 ఉన్న షుగరు, కొర్ర అన్నానికి 238. పళ్లెంలో కుప్ప అంతే ఉంది. చిరుధాన్యం అంటే ఎంతైనా తినొచ్చని మన జనంలో ఒక నమ్మకం స్థిరపడింది. పీచు మంచిదే, నేనూ కొర్రలు తినమనే చెబుతాను. కానీ కొర్రల్లోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే. కొలత మారకపోతే రిపోర్టూ మారదు.

రాత్రి పని మానమన్నాం. అదీ కుదరలేదు. చెరువులో ఆక్సిజన్ తెల్లారుజామున అడుగంటుతుంది. ఆ టైములో కరెంటు పోయి, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగి, జనరేటర్ వేసే మనిషి లేకపోతే పంటంతా పోతుంది. అప్పు తెచ్చి పెట్టిన రైతును ఇంట్లో పడుకోమనడం సలహా కాదు.

మలుపు

మందులు పెంచేముందు ఆయన రోజు ఎలా గడుస్తుందో గంట గంటకూ చెప్పించుకున్నాను. సాయంత్రం ఏడింటికి మాత్ర, ఏడున్నరకు భోజనం, తొమ్మిదికి చెరువు కట్ట మీద. పన్నెండింటికి మేత, రొయ్యలు ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రేలు చూసుకోవడం. తర్వాత, ఆయన మాటల్లోనే, "రెండూ మూడు మధ్యలో చేతులు వణుకుతాయి సార్. చెమటలు పట్టేస్తాయి. షెడ్లో ఎప్పుడూ బిస్కెట్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకు బాటిలు పెట్టుకుంటా. తింటే పది నిమిషాల్లో సర్దుకుంటాది." చెరువు టెన్షన్ అని ఆయన అనుకున్నారు. నాలుగేళ్లలో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"చెరువులో డీఓ (నీళ్లలోని ఆక్సిజన్) ఎప్పుడు చూస్తారు?" అన్నాను.

"తెల్లారుజామున సార్. మధ్యాహ్నం చూస్తే ఎప్పుడూ బాగానే ఉంటది గదా."

"ఒంట్లో షుగరూ అంతే. ఒక్క పరగడుపున చూస్తే తెలియదు. వణుకు వచ్చినప్పుడు చూడండి."

గ్లూకోమీటర్ ఇప్పించాం. ఆయన భార్య మేత లెక్కల పుస్తకం వెనక పేజీల్లో గళ్లు గీసి టైము, తిన్నది, షుగరు మూడూ రాశారు. రాత్రి రెండున్నరకు 57. ఇంకో రాత్రి 61. అవే రోజుల్లో పొద్దున ఏడింటికి 196, 210.

గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా క్లోమంతో ఇన్సులిన్ వదిలిస్తుంది. సాయంత్రం మాత్ర, పెందలాడే భోజనం, ఆపైన కట్టల మీద నడక కలిసి అర్ధరాత్రి దాటాక షుగరు పడిపోతోంది. అది పడిపోతే ప్రాణం గిలగిల్లాడి మనిషి తీపి మీద పడతాడు, అది ఆయన బలహీనత కాదు. రోజూ ఆ బిస్కెట్లు, కూల్‌డ్రింకు నేరుగా లివర్‌కు చేరుతున్నాయి. పొద్దుటి షుగరు ఎక్కువుందని మాత్ర మోతాదు అంతకుముందు ఒకసారి పెంచారు కూడా. దాంతో అర్ధరాత్రి ఇంకా కిందికి, పొద్దున ఇంకా పైకి.

నిర్ణయాలు, వాటి కారణాలు

గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపాం. ఇంట్లోవాళ్లు భయపడ్డారు, అది సహజం. మోతాదు తగ్గించి చూడొచ్చు కదా అన్న ప్రశ్న నాకూ వచ్చింది. కానీ రాత్రి రెండింటికి, నీళ్ల పక్కన, కరెంటు మోటార్ల మధ్య, ఒంటరిగా ఉన్న మనిషికి షుగరు 57కు పడితే ఏమవుతుందో ఊహించుకుంటే సగం మోతాదు కూడా ఇవ్వబుద్ధి కాలేదు.

మెట్‌ఫార్మిన్ రోజుకు రెండు వేల మిల్లీగ్రాములకు పెంచాం. పయోగ్లిటజోన్ 15 కలిపాం. దీన్ని 2013లో మన దేశంలో కొన్ని వారాలు నిలిపేసి, హెచ్చరికతో మళ్లీ అనుమతించారు. అందుకే చాలామంది జంకుతారు. ఈయన విషయంలో అది తగిన మందే. ఇన్సులిన్ పనిచేసేలా చేస్తుంది, లివర్ కొవ్వు తగ్గిస్తుంది, దాని అంతట అది షుగరు పడేయదు, ఖరీదూ తక్కువ. కాళ్లకు నీరు పట్టొచ్చు, గుండె బలహీనంగా ఉంటే ఇవ్వకూడదు, కాబట్టి ముందు ఎకో (గుండె స్కానింగ్) తీయించాం, మూత్రంలో రక్తం లేదని చూసుకున్నాం. మూత్రంలోంచి చక్కెరను బయటికి పంపే డపాగ్లిఫ్లోజిన్ గురించీ ఆలోచించాం. తిండిలో పిండిపదార్థం బాగా తగ్గించబోతున్నాం, మనిషి ఎండలో చెమటోడ్చి పనిచేస్తాడు. ఆ మందుతో రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగే ప్రమాదాన్ని అప్పుడే తెచ్చుకోవడం ఎందుకని పక్కన పెట్టాం.

అటోర్వాస్టాటిన్ 20 మళ్లీ మొదలుపెట్టాం. షుగరు పెరుగుతుందన్న ఆయన భయాన్ని కొట్టిపారేయలేదు, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. 2010లో పదమూడు ట్రయల్స్ కలిపి చూసినప్పుడు, 255 మంది నాలుగేళ్లు స్టాటిన్ (అటోర్వాస్టాటిన్ కోవ మందు) వాడితే ఒకరికి అదనంగా షుగరు వస్తుందని తేలింది. "మీకు షుగరు ఇప్పటికే ఉంది. మీ నాన్నగారిని తీసుకెళ్లింది షుగరు కాదు, గుండె" అని చెప్పాను. ఆ తర్వాత ఆయన ఆ మాత్ర మానలేదు.

ట్రైగ్లిజరైడ్లు దించే ఫెనోఫైబ్రేట్ కూడా ఇచ్చాం, అయితే కొన్ని నెలలకే అని మొదటే చెప్పి. ట్రైగ్లిజరైడ్లు 500 పైన ఉన్నంతకాలం క్లోమాన్ని కాపాడటానికి అది అవసరం. గుండెకు మాత్రం దాన్ని నమ్ముకోలేం. 2010లో వచ్చిన అకార్డ్ ట్రయల్‌లో స్టాటిన్‌కు ఫెనోఫైబ్రేట్ జోడించినా గుండెపోట్లు చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. 2022లో పదివేల మందికి పైగా చేసిన ప్రామినెంట్ ట్రయల్‌లో అదే కోవకు చెందిన కొత్త మందు ట్రైగ్లిజరైడ్లను దించింది గానీ గుండె జబ్బుల్ని తగ్గించలేదు. కాగితం మీద సంఖ్య తగ్గడం, మనిషి బాగుపడటం రెండూ ఒకటి కావు.

పనిచేసింది

పళ్లెం మార్చాం. ఈసారి చార్టు ఇవ్వలేదు. మేత పుస్తకంలోని గళ్లు చూసుకుంటూ ఆయన, ఆయన భార్య కలిసి తేల్చుకున్నారు. చేపలు, గుడ్లు, రొయ్యలు తిరిగి వచ్చాయి. రొయ్యల్లో కొలెస్ట్రాల్ ఉన్న మాట నిజమే, సంతృప్త కొవ్వు మాత్రం చాలా తక్కువ. 1996లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో ఆరోగ్యవంతులకు రోజూ 300 గ్రాముల రొయ్యలు పెట్టి చూస్తే, ఎల్‌డీఎల్ 7 శాతం పెరిగింది, హెచ్‌డీఎల్ 12 శాతం పెరిగింది, ట్రైగ్లిజరైడ్లు 13 శాతం తగ్గాయి. వేపుడు కాకుండా ఇగురు పెట్టుకుని వారంలో ఒకట్రెండుసార్లు తినమన్నాను. సొంత చెరువు రొయ్యలు రెండేళ్ల తర్వాత తిన్నానని ఆయన ఎంత సంతోషంగా చెప్పారో!

అన్నం ఒక కప్పుకు వచ్చింది, అదీ చివర్లో. ముందు బీరకాయో చిక్కుడో పళ్లెం నిండా కూర, తర్వాత చేప, ఆ తర్వాత అన్నం. ఒక రోజు బొమ్మిడాయల పులుసు, కప్పు అన్నంతో తిన్న రెండు గంటలకు 164. ఆ అంకె చుట్టూ ఆమె ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. నా మాటల కంటే ఆ సున్నా ఆయన మీద ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం. రాత్రి షెడ్డులోకి బిస్కెట్ల బదులు ఉడికించిన గుడ్లు, శనగ గుగ్గిళ్లు వెళ్లాయి. టీలో చక్కెర పోయింది. గ్లిమెపిరైడ్ లేదు కాబట్టి వణుకూ లేదు, తీపి కోసం ఆరాటమూ లేదు.

నిద్ర సంగతి ఆయన బావమరిది తీర్చారు. రాత్రి మార్చి రాత్రి వంతులు వేసుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే గ్లూకోజును ఒళ్లు సర్దుకునే శక్తి దెబ్బతిందని 1999లోనే చికాగో పరిశోధకులు చూపించారు. ఈయన ఏళ్లుగా అలాగే ఉన్నారు.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.4, ట్రైగ్లిజరైడ్లు 286. ఫెనోఫైబ్రేట్ ఆపేశాం. ఆరు నెలలకు హెచ్‌బీఏ1సీ 6.6, ట్రైగ్లిజరైడ్లు 178, హెచ్‌డీఎల్ 36, టోటల్ 152, ఎస్‌జీపీటీ 34. బరువు 62, నడుము 87. రాయ్ టేలర్ బృందం బీఎంఐ 27 లోపున్న ఇరవై మంది షుగరు పేషంట్లతో బరువు తగ్గిస్తే పద్నాలుగు మందికి మందుల్లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. సన్నటివాళ్లకు బరువు తగ్గమని చెప్పడానికి నాకు ధైర్యం ఇచ్చింది ఆ ఫలితమే. ఈయనకు అంత దూరం రాలేదు, మందులు కొనసాగుతున్నాయి. నాన్ హెచ్‌డీఎల్ ఇంకా 116 ఉంది, వంద లోపుకు రావాలని అటోర్వాస్టాటిన్ 40 చేశాం.

తర్వాత ఒక సీజన్‌లో రొయ్యలకు వైట్ స్పాట్ జబ్బు వచ్చింది. రొయ్యలు అమ్మే సైజుకు రాకముందే పట్టుబడి చేయాల్సి వచ్చి అప్పు మిగిలింది. ఆయన కనిపించడం మానేశారు. మళ్లీ వచ్చేసరికి ట్రైగ్లిజరైడ్లు 364, హెచ్‌బీఏ1సీ 7.3, మూడు కిలోలు పెరిగారు. రాత్రి వంతులు పోయి మళ్లీ ప్రతి రాత్రీ ఒక్కరే కాపలా. తాగుడూ తిరిగొచ్చింది. మందులు ఏవీ మార్చలేదు. నిద్ర ఎలా ఉంది, మనసు ఎలా ఉంది, అప్పు గురించి ఇంట్లో మాట్లాడుకుంటున్నారా అన్నదే ఎక్కువసేపు అడిగాను. బావమరిదిని కూడా పిలిపించి కూర్చోబెట్టాం. వంతులు మొదలయ్యాక నాలుగు నెలల్లో ట్రైగ్లిజరైడ్లు 190కి వచ్చాయి.

తోటి డాక్టర్లకు

గ్లిమెపిరైడ్, గ్లైక్లజైడ్ వంటి మందులు వాడే పేషంటు హెచ్‌బీఏ1సీ ఎక్కువగా ఉన్నప్పుడు, మోతాదు పెంచేముందు రాత్రి ఏం పని చేస్తారో, వణుకు వస్తుందో, వస్తే ఏం తింటారో అడగండి. మన జిల్లాల్లో చెరువుల కాపలాదార్లు, గ్రానైట్ లారీల డ్రైవర్లు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర మంట చూసుకునేవాళ్లు రాత్రిని పగలుగా బతుకుతున్నారు. రోజుకు రెండుసార్లు అని రాసిన చీటీ వాళ్ల గడియారానికి సరిపోదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటిన రిపోర్టులో ఎల్‌డీఎల్ అంకెను కొట్టేసి నాన్ హెచ్‌డీఎల్ రాయండి. ల్యాబువాళ్లకు కూడా ఆ మాట చెప్పాను, ఒకరిద్దరు పాటిస్తున్నారు.

పేషంట్లు ఎవరైనా ఇది చదివి తమ మాత్ర సొంతంగా ఆపవద్దు. ఈ కేసులో ఒక మందు ఆపింది రాత్రి రెండున్నరకు తీసిన అంకె చూసి, దాని స్థానంలో ఏం రావాలో తేల్చుకుని.

ఈయన తమ్ముడు కూడా చెరువులే చేస్తారు. షుగరు లేదు, మనిషి ఇంకా సన్నం. అన్న బలవంతం మీద పరీక్షలు చేయించుకుంటే పరగడుపు షుగరు 118, ట్రైగ్లిజరైడ్లు 310, నడుము 94 వచ్చాయి. మాత్రలు ఏవీ రాయలేదు. గ్లూకోమీటర్, పుస్తకం మొదలుపెట్టించి, లివర్ స్కానింగ్‌కు ఆయన్ని పట్టుబడి అయ్యాక రమ్మన్నాను.